తుపాకి గొప్పదా, చెయ్యి గొప్పదా? హేలో ఆట చెప్పే లెక్క

గేములు ఆడే పోరగాళ్లు నలుగురు ఒక్క కాడ కూసుంటె ఒకటే లొల్లి. ‘ఏ గన్ మంచిది?’ ఒకరు ఏడబ్ల్యూఎం అంటరు, ఇంకొకరు ఎం24 అంటరు. ఒకరు డ్యామేజ్ నంబర్ చెప్తె, ఇంకొకరు యూట్యూబ్‌ల చూసిన వీడియో చూపెడ్తరు. లొల్లి తెగదు. ఎందుకంటె అడిగే ప్రశ్నల్నే సగం తక్కువున్నది. ఎంత దూరానికి మంచిది, ఎసొంటి చెయ్యికి మంచిది, ఎసొంటి నెట్‌కు మంచిది అని అడుగుతలేరు. ఆ గన్‌తోటి గెలిస్తె, గెలిచింది నా చెయ్యా, నా అదృష్టమా, నా జేబుల పైసనా అని అసలే అడుగుతలేరు.

ఈ ముచ్చట సక్కగ అర్థం కావాలంటె హేలో అనే ఆట దిక్కు చూడాలె. మన ఊర్లల్ల దీన్ని ఆడినోళ్లు తక్కువ. ఫోన్‌ల ఆడే ఆట కాదు, ఎక్స్‌బాక్స్ కావాలె, లేకుంటె మంచి కంప్యూటర్ కావాలె. కని గురి తుపాకుల మీద ఇరవై ఏండ్ల నుంచి కొట్లాట నడుస్తున్న ఆట ఇది. ఒక్కో భాగంల ఒక్కో గన్‌కు పెద్దపీట ఏసిండ్రు, తర్వాత మార్చిండ్రు, మళ్ల మార్చిండ్రు. అందుకే లెక్క కండ్లకు కనపడ్తది.

ఆట ఏంది, అందుల నియమం ఏంది

హేలో మొదటి భాగం 2001 నవంబర్ 15న అమెరికాల ఎక్స్‌బాక్స్‌తోపాటే వచ్చింది. చేసింది బంగీ అనే కంపెనీ. అంతకు ముందు ఏడాదే దాన్ని మైక్రోసాఫ్ట్ కొన్నది. కథ 2552 నాటిది. మనుషులకు, కవనెంట్ అనే వేరే గ్రహాల జాతుల కూటమికి నడుమ యుద్ధం. మాస్టర్ చీఫ్ అనే సిపాయి మన దిక్కు. ఆ మైక్రోసాఫ్ట్‌కు 2014 నుంచి సీఈఓ మన హైదరాబాద్‌ల పుట్టిన సత్య నాదెళ్లనే. కాబట్టి ఈ ఆట మనకు మరీ ఏడేడు సముద్రాల అవుతలిది ఏం కాదు.

కథ పక్కన పెడ్దం. పదిమంది ఒకరి మీద ఒకరు ఆడే మల్టీప్లేయర్‌ల ఒక నియమం ఉంటది, అది పట్టుకుంటె గన్నులన్నీ అర్థమైతయి. ప్రతి ఆటగానికి పైన ఒక షీల్డ్ ఉంటది, లోపల పానం ఉంటది. ముందుగాల షీల్డ్ పలగాలె. షీల్డ్ ఉన్నంతసేపు గురి రైఫిల్‌తోటి తలకాయకు కొట్టినా, పొట్టకు కొట్టినా ఒకటే. షీల్డ్ పలిగినంక మాత్రం తలకాయకు ఒక్క గుండు తగిలితె ఖేల్ ఖతం. కాసేపు దెబ్బ తగలకుంట సాటుకు ఉంటె షీల్డ్ మళ్ల నిండుతది.

అంటె పని రెండు పాళ్లు. మొదటి పాలు: ఎట్లైనా తగిలియ్యాలె. రెండో పాలు: తలకాయకే తగిలియ్యాలె. ఈ రెండు పనులు ఒక్క చెయ్యితోటి ఎంత సులువుగ అయితయనేదాని మీదనే గన్ మంచి చెడ్డ ఆధారపడి ఉంటది.

స్నైపర్ రైఫిల్ ముచ్చట వేరు. అది షీల్డ్ ఉన్నా సరే, తలకాయకు ఒక్కటి తగిలితె పడగొడ్తది. ఒక మ్యాగజైన్‌ల 4 గుండ్లే. మ్యాప్‌ల ఫలానా కాడనే దొరుకుతది, దానికోసం అందరు ఉరుకుతరు. రోజువారి కొట్లాట మాత్రం స్నైపర్‌కు, దగ్గర దగ్గర పేల్చే అసాల్ట్ రైఫిల్‌కు నడుమనున్న గురి రైఫిళ్లతోటే నడుస్తది. ఇప్పుడు ఆ నడిమి తుపాకుల్నే చూద్దం.

నాలుగు తుపాకులు, నాలుగు గుణాలు

మొదటిది బ్యాటిల్ రైఫిల్. ఆడేటోళ్లు బీఆర్ అంటరు. 2004ల వచ్చిన హేలో 2ల పుట్టింది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితె మూడు గుండ్లు వరుసగ పోతయి. మ్యాగజైన్‌ల 36 గుండ్లు, అంటె 12 బర్స్టులు. గుండ్లన్నీ తగిలితె నాలుగు బర్స్టులకు ఎదుటోడు పడ్తడు: మూడిట్లకు షీల్డ్ పోతది, నాలుగోది తలకాయకు. స్కోప్ 2 రెట్లు దగ్గరికి చూపెడ్తది.

రెండోది డీఎంఆర్. 2010ల వచ్చిన హేలో రీచ్‌ల దీనిదే రాజ్యం. ఒక్క నొక్కుడుకు ఒక్క గుండు. మ్యాగజైన్‌ల 15. ఐదు గుండ్లకు మనిషి పడ్తడు. స్కోప్ 3 రెట్లు.

మూడోది కవనెంట్ కార్బైన్. ఇది వేరే గ్రహపోళ్ల తుపాకి. మ్యాగజైన్‌ల 18. ఒక్కో గుండు దెబ్బ తక్కువ, కాబట్టి ఎక్కువ గుండ్లు తగలాలె. కని మస్తు జోరుగ కాల్చొచ్చు.

నాలుగోది లైట్ రైఫిల్. 2012ల హేలో 4ల వచ్చింది. ఇది రెండు నాల్కల తుపాకి. ఊకె పేలిస్తె బీఆర్ లెక్క మూడు మూడు పోతయి. స్కోప్‌ల కన్ను పెట్టి పేలిస్తె ఒక్కటే పోతది, కని దాని దెబ్బ గట్టిగుంటది.

రీచ్‌ల నీడిల్ రైఫిల్ అని ఇంకోటి ఉండె. గులాబి రంగు సూదులు కొడ్తది. షీల్డ్ లేని ఒంట్లె మూడు సూదులు దిగితె అవి కలిసి పేల్తయి. అంటె తలకాయ గురి దొరకకున్నా పొట్టల మూడు దించి పని ముగించొచ్చు. గురి కొంచెం తక్కువున్నోనికి ఇది ఇంకో తొవ్వ.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. బీఆర్‌ల 12 బర్స్టులున్నయి, ఒక్కనికి నాలుగు. అంటె ఒక్కటి కూడ తప్పకపోతె ఒక మ్యాగజైన్‌తోటి ముగ్గురు. డీఎంఆర్‌ల 15 గుండ్లున్నయి, ఒక్కనికి ఐదు. అది కూడ ముగ్గురే! తప్పు చెయ్యనోనికి రెండు తుపాకులు సమానం. మరి తేడా ఏడున్నది? తప్పు చేసినప్పుడు ఉన్నది.

తప్పిపోతె ఎంత నష్టం?

బీఆర్ వల ఇసిరినట్టు. మూడు గుండ్లల్ల ఒకటి పక్కకు పోయినా రెండు తగులుతయి. దెబ్బ తగ్గుతది కని, మొత్తం గాలికి పోదు. షీల్డ్ పలిగినంక తలకాయ మీంచి బర్స్ట్ గుంజితె మూడిట్ల ఏ ఒక్కటి తగిలినా చాలు, మనిషి పడ్తడు. అందుకే దగ్గర, నడిమి దూరంల, అటు ఇటు ఎగిరే మనిషి మీద బీఆర్‌కు తిరుగులేదు.

డీఎంఆర్ గాలం ఏసినట్టు. పడితె చాప, లేకుంటె ఉత్త చెయ్యి. గుండు తగిల్తె పూరాగ తగుల్తది, తప్పితె పూరాగ తప్పుతది. ఒక్కటి తప్పితె ఐదు కాస్త ఆరు అయితది. ఆ ఒక్క గుండు సందుల ఎదుటోడు గోడ సాటుకు పోతడు, షీల్డ్ నింపుకొని మళ్ల వస్తడు. కని దూరం పెరిగినకొద్ది డీఎంఆర్ బలం తెలుస్తది. హేలో 3ల బీఆర్ గుండ్లు దూరం పోయినకొద్ది ఒకదానికొకటి ఎడం అవుతుండె. మీ గురి సూటిగున్నా మూడు తగుల్తయని గ్యారంటీ లేదు.

ఇంకో సంగతి కూడ ఉన్నది. హేలో 2ల బీఆర్ గుండుకు ప్రయాణం లేదు. ట్రిగ్గర్ నొక్కిన ఆ క్షణంల గురి ఏడుంటె ఆడ తగిలినట్టే. ఆటలోళ్లు దీన్ని హిట్‌స్కాన్ అంటరు. హేలో 3ల మార్చిండ్రు. గుండు గాల్ల పోవుడుకు టైం పట్టే తీరు చేసిండ్రు. గప్పుడు దూరంల ఉరికేటోన్ని కొట్టాలంటె వాని కంటె జర ముందుకు గురి పెట్టాలె. జొన్న చేన్ల మంచె ఎక్కి వడిసెలతోటి పిట్టల్ని కొట్టిన పెద్దమనుషుల్ని అడగండ్రి, ఈ ముచ్చట నిమిషంల చెప్తరు. పిట్ట ఉన్న కాడికి రాయి ఇసిరితె పిట్ట ఉండదు. పిట్ట పోయే కాడికి ఇసరాలె.

మీరు ఆడే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్‌లకు కూడ ఇదే కొలమానం పెట్టి చూడొచ్చు. గన్ పేరు పక్కన రాసిన డ్యామేజ్ నంబర్ ఒక్కటే చూస్తె మోసపోతరు. ఒక గుండుకు దెబ్బెంత, రెండో గుండు ఎంతసేపటికి పోతది, ఒక్కటి తప్పితె ఎంత నష్టం, ఎంత దూరందాక గుండు సూటిగ పోతది. ఈ నాలుగు కలిపితెనే గన్.

చెయ్యి ఆడుతున్నదా, గవ్వలు ఆడుతున్నయా?

హేలో రీచ్ వచ్చినప్పుడు ఒక పెద్ద లొల్లి అయింది. డీఎంఆర్‌ను గబగబ కాలిస్తె తెర మీది గురి గుండ్రం పెద్దగయితది. పెద్దగైన గుండ్రంల గుండు ఏ మూలకు పోతదో చెప్పలేం. దీనికి బ్లూమ్ అని పేరు. చేసినోళ్ల ఆలోచన మంచిదే: ఓపిక పట్టి, గుండ్రం మళ్ల చిన్నగయ్యేదాక ఆగి కొట్టెటోడు గెల్వాలె అని.

ఆటల జరిగింది వేరు. దగ్గర దగ్గర కొట్లాటల ఒకడు ఆగి ఆగి కొడ్తడు, ఇంకొకడు ఆగకుంట దంచుతడు. దంచినోని గుండు ఒక్కోపారి అదృష్టంకొద్ది తలకాయకు తగుల్తది. ఓపికున్నోడు సస్తడు. పచ్చీసుల గవ్వలు పడ్డట్టు. పచ్చీసుల గవ్వలే ఆట, అది తెలిసే కూసుంటం. గురి ఆట అని పిలిచి గవ్వలు చేతిల పెడ్తె ఎట్ల? ఆడేటోళ్లు ఇదే అడిగిండ్రు, గట్టిగ అడిగిండ్రు. 2011ల బంగీ చేతిలకెళ్లి ఆట 343 ఇండస్ట్రీస్ చేతికి వచ్చినంక అప్‌డేట్ ఇచ్చిండ్రు. బ్లూమ్‌ను 85 శాతానికి తగ్గించిన ఆటలు పెట్టిండ్రు, బ్లూమ్ అసలే లేని ఆటలు కూడ పెట్టిండ్రు.

హేలో 4ల ఇంకో కథ. బీఆర్, డీఎంఆర్, కార్బైన్, లైట్ రైఫిల్ నాలుగు ఒక్క ఆటల్నే పక్కపక్కన పెట్టిండ్రు. కని మొదట్ల బీఆర్‌కు ఐదు బర్స్టులు కావాల్సి వచ్చింది. డీఎంఆర్‌కు కూడ ఐదు గుండ్లే, పైంగ అది దూరం కొడ్తది. ఇగ బీఆర్ ఎవడు పట్టుకుంటడు? పెద్ద మ్యాప్‌ల తల బయట పెడ్తె ఏ మూలకెళ్లి డీఎంఆర్ గుండు వస్తదో తెల్వది. మళ్ల లొల్లి. 2013 జూన్‌ల కంపెనీ నంబర్లు సవరించింది. బీఆర్ మళ్ల నాలుగు బర్స్టుల తుపాకి అయింది.

ఈ రెండు కథలల్ల ఒక నీతి ఉన్నది. గన్ బలం దేవుడు రాసింది కాదు. ఎవరో ఒక ఆఫీసుల కూసోని రాసిన నంబర్. మనుషులు రాసిన నంబర్‌ను మనుషులు అడిగితె మారుస్తరు. ‘ఆట గట్లనే ఉంటది’ అని నోరు మూసుకున్నోళ్లు ఉంటె బీఆర్ ఇయ్యాల్టికి ఐదు బర్స్టులల్లనే ఉండేది.

అందరికి ఒక్కటే తుపాకి

హేలోను అభిమానులు నెత్తిన పెట్టుకున్నది గ్రాఫిక్స్ చూసి కాదు. సమాన మొదలు చూసి. మ్యాచ్ మొదలైనప్పుడు అందరి చేతిల ఒకే తుపాకి ఉంటది. నిన్న చేరినోనికి అదే, పదేండ్ల నుంచి ఆడేటోనికి అదే. పెద్ద తుపాకి కావాల్నంటె మ్యాప్‌ల అది పుట్టే జాగకు పోయి, కొట్లాడి తెచ్చుకోవాలె.

హేలో 4 ఈ నియమాన్ని తప్పింది. ఎవని సామాను వాడు ముందే సర్దుకొని రావచ్చన్నది. కొన్ని తుపాకులు, వసతులు లెవెల్ పెరిగితెనే తెరుచుకుంటయి. అంటె ముందుగాల వచ్చినోని చేతిల ఎక్కువ, ఎనుక వచ్చినోని చేతిల తక్కువ. పాత ఆటగాళ్లు ఒప్పుకోలే. 2015ల హేలో 5 వచ్చేసరికి అరీనా ఆటల సమాన మొదలు మళ్ల తెచ్చిండ్రు. కని అదే హేలో 5ల వార్‌జోన్ అనే ఇంకో ఆట పెట్టి, అందుల రెక్ ప్యాకులు అమ్మిండ్రు. ప్యాక్ విప్పితె అందుల తుపాకి రావచ్చు, బండి రావచ్చు. ఏమొస్తదో ముందు తెల్వది. పైసలు పెట్టి కూడ కొనొచ్చు. ముందు తలుపు కాడ సమానత్వం బోర్డు, ఎనుక తలుపు కాడ దుకాణం!

2021 నవంబర్‌ల హేలో ఇన్ఫినిట్ మల్టీప్లేయర్ ఫ్రీగ వచ్చింది. ఈపారి పైసలకు అమ్మేది కవచాల రంగులు, సోకులే. తుపాకి దెబ్బను అమ్మలే. నాలుగు బర్స్టుల బీఆర్ రాజు చేతిల ఉన్నా, పాలేరు చేతిల ఉన్నా నాలుగే.

ఇప్పుడు మన ఫోన్ల దిక్కు రాండ్రి. ఫ్రీ ఫైర్‌ల గన్ స్కిన్ల పక్కన ప్లస్, మైనస్ గుర్తులు మీరు చూసే ఉంటరు. డ్యామేజ్ ప్లస్, రేంజ్ ప్లస్, రీలోడ్ మైనస్. అంటె అది ఒట్టి రంగు కాదు, తుపాకి గుణమే మార్తది. ఆ స్కిన్ కావాల్నంటె డైమండ్లు కావాలె. డైమండ్లు కావాల్నంటె పైసలు కావాలె. చాలాసార్లు చక్రం తిప్పాలె, వస్తదో రాదో తెల్వది. 2022 ఫిబ్రవరిల కేంద్రం ఫ్రీ ఫైర్‌ను నిషేధించింది, మ్యాక్స్ మాత్రం నడుస్తనే ఉన్నది. చక్రం కూడ తిరుగుతనే ఉన్నది.

నాయిన ఫోన్‌ల యూపీఐ పిన్ తెలిసిన పోరడు, వడ్లు అమ్మిన పైసలు ఖాతాల పడ్డ రోజు ఆ చక్రం ముందు కూసుంటె ఏమైతదో నేను వేరే చెప్పే పని లేదు. నేను అడిగేది ఒక్కటే: కొన్న ప్లస్ గుర్తుతోటి గెలిస్తె, ఆ గెలుపు ఎవలది? గురి నేర్చుకునేతందుకు ఆడుతున్న తమ్ముడు, చెల్లె, కొన్న గన్ ముందు ఓడిపోయి ‘నాకు ఆట రాదు’ అనుకుంటె, అది వాళ్ల తప్పా?

గురి తప్పించే ఇంకో శత్రువు: నెట్

ఊరోళ్లకు ఇది అన్నింటికంటె పెద్ద ముచ్చట. గురి రైఫిల్‌కు, ఆటోమేటిక్ గన్‌కు ఒక తేడా ఉన్నది. ఆటోమేటిక్‌తోటి ముప్పై గుండ్లు చల్లితె నెట్ కొంచెం ఆగినా కొన్ని తగుల్తయి. ఒక్క గుండు తుపాకికి ఆ ఎసులుబాటు లేదు.

లెక్క చూడండ్రి. మీ పింగ్ 200 మిల్లీసెకన్లు అనుకుందం. అంటె మీ ఫోన్ మాట సర్వర్‌దాక పోయి రానీకి సెకన్ల ఐదో వంతు. ఎదుటోడు సెకనుకు 5 మీటర్లు ఉరుకుతుండు అనుకుంటె, ఆ సందుల వాడు ఒక మీటర్ జరిగిండు. తలకాయ వెడల్పు జానెడు. మీరు జానెడు గుర్తుకు గురి పెట్టిండ్రు, అది మీటర్ అవుతలికి పోయింది! కొన్ని ఆటలల్ల సర్వర్ ఎనుకకు చూసి, మీరు నొక్కినప్పుడు మీ తెర మీద ఏమున్నదో లెక్క కడ్తది. గట్ల చేస్తె మీకు న్యాయం జరుగుతది కని, ఎదుటోడు ‘గోడ సాటుకు పోయినంక సచ్చిన’ అని మొత్తుకుంటడు. పూరా న్యాయం చేసే ఉపాయం లేదు. నెట్ మంచిగ ఉండుడే ఉపాయం.

హేలో కూడ ఈ బాధ పడ్డది. హేలో 3 కాలంల వేరే సర్వర్ ఉండకపోయేది. ఆడేటోళ్లల్ల ఒకరి ఎక్స్‌బాక్సే సర్వర్ అయ్యేది. ఎవల బాక్స్ సర్వరో వాళ్ల గుండు టంచన్‌గ తగిలేది, మిగిలినోళ్లది ఆలస్యం. ఆడేటోళ్లు దీన్ని హోస్ట్ లాభం అని తిట్టుకునేది. హేలో 5 నాటికి కంపెనీ సర్వర్లు పెట్టినంకనే ఆ గోస తగ్గింది.

మన కాడ ఇయ్యాల్టికి పట్నపోడే హోస్ట్. వాని ఇంట్ల ఫైబర్ ఉంటది. ఊరి పోరడు టవర్ సిగ్నల్ కోసం డాబా ఎక్కుతడు. ఇద్దరి చేతిల ఒకటే గన్ ఉన్నా, ఆట సమానం కాదు. అందుకే తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీ పింగ్ ఎక్కువున్నప్పుడు ఒక్క గుండు స్నైపర్ పట్టుకొని ‘నాకు చేతనైతలేదు’ అని కుములుకుంట కూసోకుండ్రి. గప్పుడు బర్స్ట్ గన్ పట్టుండ్రి, జోరుగ పోయే ఆటోమేటిక్ పట్టుండ్రి, దగ్గరికి పోయి ఆడుండ్రి. తప్పిపోతె తక్కువ నష్టం ఉన్న గన్నే పేదోని గన్.

ఇంకో ముచ్చట యాది పెట్టుకోండ్రి. గ్రామ పంచాయతీలదాక ఫైబర్ లైన్ తెస్తమని కేంద్రం 2011ల పథకం మొదలువెట్టింది. దాని పేరు ఇప్పుడు భారత్‌నెట్. మన రాష్ట్రంల టీ ఫైబర్ అన్నరు. మీ పంచాయతీకి లైన్ వచ్చిందా? వస్తె పని చేస్తున్నదా? ఆ బాక్స్‌కు తాళం ఏసి ఉన్నదా? గ్రామసభల లేచి అడగండ్రి. గేమ్ కోసం అంటె నవ్వుతరేమో. కని మీ హెడ్‌షాట్‌ను తప్పించిన ఆ నెట్టే, ఉద్యోగం అప్లికేషన్ ఆఖరి రోజు పేజీ తెరుచుకోకుంట చేసేది.

గన్ పట్టే ముందు నాలుగు ప్రశ్నలు

ఏ ఆటైనా సరే, గన్‌ను ఎంచుకునే ముందు ఇవి అడగండ్రి.

ఒకటి, ఒక్క గుండు తప్పితె నాకు ఎంత నష్టం? చెయ్యి ఇంక కుదరనోళ్లు బర్స్ట్‌తోటి మొదలువెట్టి, కుదిరినంక ఒక్క గుండుకు పోవాలె.

రెండు, నేను ఎక్కువ ఆడేది ఎంత దూరంల? ఇండ్ల నడుమ ఆడుకుంట 8 రెట్ల స్కోప్ ఎతుక్కుంటె లాభం లేదు.

మూడు, గుండు నేను పెట్టిన గురికే పోతున్నదా, ఆట గవ్వలేస్తున్నదా? ట్రైనింగ్ గ్రౌండ్‌ల గోడ మీద పది గుండ్లు కొట్టి చూస్తె తెల్సిపోతది. గోడ మీది తూట్లు అబద్ధం ఆడవు.

నాలుగు, ఈ గన్ బలం నా చేతిలకెళ్లి వస్తున్నదా, నాయిన ఖాతలకెళ్లి వస్తున్నదా?

నాలుగో దానికి జవాబు రెండోదైతె, ఆ ఆట మిమ్ముల్ని ఆడుతున్నట్టు. బీఆర్ గొప్పదా, డీఎంఆర్ గొప్పదా అని ఇరవై ఏండ్ల నుంచి కొట్లాడేటోళ్లు ఒక్క ముచ్చట మీద మాత్రం ఒక్కటైతరు: ముందు అందరి చేతిల ఒక్కటే తుపాకి పెట్టుండ్రి, తర్వాత ఎవలు గొప్పోళ్లో చూద్దం. ఆట అంటె గదే. ఆటనే కాదు, బడైనా, నౌకరైనా మనం అడిగేది గదే.